పరణ్ మీది పాటల పెట్టె: పారేసే ముందు ఒకసారి వినండి

మొన్న పొంగలికి ముందు ఇంటికి సున్నం వేయించినాము. ఇప్పుడు వేసేది పెయింటే గానీ మా ఇంట్లో మాట ఇంకా సున్నమే. పనివాళ్ళు రాకముందే పరణ్ మీది సామాన్లన్నీ దించాల్సి వచ్చింది. ఆంధ్రలో దాన్ని అటక అంటారట, మాకు మాత్రం ఎప్పుడూ పరణే. ఇత్తడి గంగాళం, అవ్వ కాలపు ఊయల బల్ల, పాత పెండ్లి పత్రికల కట్ట, వాటి వెనకాల రెండు పెట్టెలు. ఒకదాంట్లో 38 ఎల్పీ రికార్డులు. ఇంకొకదాంట్లో 140 పైచిలుకు క్యాసెట్లు. అన్నిటి మీదా మందంగా దుమ్ము.

సాయానికి వచ్చిన మా బావ కిందనుంచి అడిగినాడు: “ఇవన్నీ ఫోన్లో ఉండాయి గదప్పా, ఇంకా ఎందుకు పెట్టుకోనుండావు? పాత పేపరు వానికి వేసెయ్.”

ఈ మాట మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. మీరే అని ఉండొచ్చు. నేనూ ఆ రోజు పెద్దగా ఎదురు చెప్పలేదు. అయితే ఆ తరవాత నాలుగు నెలలు ఆ పెట్టెలతోనే గడిపినాను. ఇప్పుడు నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. మన మాదిరి తెలుగు నేలకు బయట తరాల తరబడి ఉండిపోయిన ఇండ్లలో, వినకుండా పక్కన పెట్టిన పాటలనే ముందుగా వినాల. అదీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొనే వినాల.

బావ చెప్పిందాంట్లో నిజం

బావ మాటలో సగం నిజమే. మా పెట్టెలోని సినిమా పాటలన్నీ ఫోన్లో దొరుకుతాయి, మా క్యాసెట్ల కంటే శుభ్రంగా వినపడతాయి. ‘శంకరాభరణం’ రికార్డునే తీసుకోండి. 1980లో ఆ సినిమా తమిళనాడులో కూడా తెలుగులోనే ఆడింది. మహదేవన్ గారి ఇంటి భాష తమిళం, వాణీ జయరాం గారు పుట్టింది వేలూరులో. అయినా ఆ పాటల్లో తెలుగుకు ఎక్కడా మచ్చ రాలేదు. మా వీధిలో తెలుగు రాని వాళ్ళు కూడా అవి పాడుతుంటే మాకు కాలు నేలమీద ఆనేది కాదు. ఆ రికార్డును మేము ఎంత వాడినామంటే ఇప్పుడు ముల్లు పెడితే పాట కంటే గరగర ఎక్కువ వస్తుంది. దాన్ని దాచుకుంటే అది మా ముచ్చట కోసమే. దాచకపోయినా పాటకు నష్టం లేదు.

అందుకే నేను పెట్టెలను మూడు కుప్పలు చేసినాను. మొదటిది అరిగిపోయేదాకా విన్నవి. రెండోది ఇంట్లో మోగుతూ ఉన్నా మేమెవరమూ చెవి పెట్టనివి. మూడోది కొన్నాకో, రికార్డు చేసినాకో ఒకటి రెండుసార్లకు మించి ముట్టనివి. మొదటి కుప్ప అంతా ఫోన్లో ఉంది. మిగతా రెండు కుప్పల్లో కొన్ని దొరుకుతాయి, కొన్ని దొరకవు. దొరికేవాటిని కూడా ఫోన్లో వెతకాలని మాకు ఎన్నడూ తోచలేదు. ఫోన్లో ఉందంటే మనం విన్నట్టు కాదు గదా. పేరు తెలిస్తే కదా వెతికేది! పెట్టె దించకపోయి ఉంటే ఆ పేర్లు కూడా మాకు గుర్తుకు వచ్చేవి కావు.

రాత పోయిన ఇంట్లో

మాది కోవిల్పట్టి వైపు కరిసల్ నేల. మదురై నాయకరాజుల కాలంలో, అంటే 1529 నుంచి 1736 మధ్యన, మా పెద్దలు ఈ పక్కకు వచ్చినారని ఇంట్లో చెప్పుకుంటాము. కాగితం ఏమీ లేదు. మన నేలవారే కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో ‘గోపల్ల గ్రామం’ రాసినారు. తెలుగువాళ్ళు దక్షిణానికి నడిచి వచ్చిన కథను మా తరం తమిళంలోనే చదువుకుంది. అందులో తప్పు పట్టేదేమీ లేదు. తమిళం మాకు అన్నం పెట్టిన భాష, చదువు చెప్పిన భాష.

కానీ ఒక సంగతి ఒప్పుకోవాల. మా నాయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయటం రాదు. క్యాసెట్ల మీద పేర్లన్నీ ఆయన తమిళ లిపిలో రాసిపెట్టినారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఘంటసాల పేరు మా క్యాసెట్ మీద ‘కండసాలా’గా ఉంది. గాలి అని రాసినా, కాలి అని రాసినా చూడటానికి ఒకటే. ఇంట్లో పెరిగినవానికి ఏది గాలో ఏది కాలో నోటికి తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. నోటికి తెలియని పిల్లకు ఆ రాత ఏమీ చెప్పదు.

రాత పోయిన ఇంట్లో భాష నిలిచేది చెవి మీద. పుస్తకాల అల్మారా లేని మాకు ఆ రెండు పెట్టెలే పుస్తకాలు. మరి మేము చేసిందేమిటి? ఇరవై పుస్తకాలను అట్టలు ఊడేదాకా చదివి, మిగతావి కట్టు విప్పకుండా పరణ్ మీదికి ఎక్కించినాము. ఆ ఇరవై పాటలనే పెండ్లిళ్ళలో పాడి, తెలుగును కాపాడుతున్నామని ఒకరికొకరు చెప్పుకుంటున్నాము. నచ్చిన పాట మళ్ళీ వింటే మన పడుచుదనం గుర్తుకు వస్తుంది. మంచిదే. దానివల్ల ఇంట్లోకి కొత్తగా ఒక్క తెలుగు మాట కూడా రాదు.

ఈ నాలుగు నెలల్లో విన్నవాటిలో నాలుగింటి సంగతి చెప్తాను.

మోగినా విననివి

మొదటిది బాలమురళీకృష్ణ గారు పాడిన భద్రాచల రామదాసు కీర్తనలు. ఇది మా రెండో కుప్పలోది. నాయన రోజూ తెల్లారి పెట్టేవారు. మేము పండ్లు తోముకుంటా, స్కూలు సంచి వెతుక్కుంటా ఉండేవాళ్ళము. ఫ్యాను చప్పుడు మాదిరి అదీ ఒక చప్పుడు. నలభై ఏండ్ల తరవాత మొదటిసారి కూర్చొని విన్నాను. కంచెర్ల గోపన్న తాసిల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, గోలకొండలో చెరలో పడ్డాడని కథగా నాకు తెలుసు. కీర్తనలో అది లెక్కగా ఉంటుందని తెలియదు. ఏ నగకు ఎన్ని వరహాలు పెట్టినానో దేవుడి ముందు ఒక్కొక్కటే చదివి, ఎవరబ్బ సొమ్మని నువ్వు ఊరేగుతున్నావని నిలదీస్తాడు. బ్యాంకులో పనిచేసే మా అన్న కూతురు పక్కనే కూర్చొని విని, “చిన్నాయనా, ఇది ఆడిట్‌కు జవాబు రాసినట్టే ఉండాది” అని నవ్వింది. ఆ పిల్ల తెలుగు పాటకు నవ్వటం నేను చూడటం అదే మొదలు. అర్థమైతేనే కదా నవ్వు వచ్చేది.

తమిళనాడులో భజన సంప్రదాయం ఉన్న ఇండ్లలో, మఠాల్లో రామదాసు కీర్తనలు ఈనాటికీ పాడతారు. తిరువయ్యారులో కూర్చొని తెలుగులో కీర్తనలు కట్టిన త్యాగయ్య కూడా రామదాసు పేరు తలుచుకున్నాడు. ఆయనా మన మాదిరే తెలుగు ఇంటిభాషగా కావేరి సీమలో పుట్టి పెరిగినవాడు. అంత దూరం వెతికి తెచ్చుకోవాల్సిన పాటలు కావు ఇవి. రోజూ ఇంట్లోనే మోగినాయి, మేమే వినలేదు.

రెండోది ఘంటసాల గారి భగవద్గీత. ఇది మీకు కూడా తెలిసిన ఇబ్బందే. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయినారు. చివరి రోజుల్లో పాడిన పెద్ద పని గీతే. శ్లోకం సంస్కృతంలో, ఆ వెంటనే తాత్పర్యం తెలుగులో. అంత చక్కటి ఏర్పాటు చేసి పెడితే, మనవాళ్ళు దాన్ని చావింటి మైకుకు కట్టేసినారు. వీధిలో ఆ గొంతు వినపడితే “ఎవరు పోయినారు?” అని అడిగే స్థితికి వచ్చింది. దాంతో బాగున్న ఇంట్లో ఎవరూ పెట్టరు. మా అమ్మ కూడా, నేను క్యాసెట్ పెట్టగానే వంటింట్లోనుంచి వచ్చి “ఆపురా, శుక్రవారం పూట” అనింది.

మర్యాదగా శనివారం పెట్టినాను. నా మాట ఏమంటే, తెలుగు చదవటం రాని ఇంటికి ఇంతకంటే మంచి వాచకం లేదు. ఒక్కొక్క మాటను ఆయన తొందర లేకుండా విడదీసి పలుకుతారు. తాత్పర్యంలోని తెలుగు పెద్ద మాటలతో ఉన్నా సాగే తీరు సులువు. పక్కన శ్లోకం ఉంది కాబట్టి, స్కూల్లో సంస్కృతం తీసుకున్న పిల్లలకు ఒక చేతికర్ర దొరుకుతుంది. చావు లేని రోజున గీత వినకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. యుద్ధానికి ముందు బతికున్నవానికి చెప్పిందే గదా గీత! మా అమ్మ మూడో శనివారానికి వత్తులు చేసుకుంటా వచ్చి కూర్చునింది.

పక్కన పెట్టినవి

మూడోది ‘దానవీరశూరకర్ణ’ మాటల క్యాసెట్. 1977లో ఎన్టీఆర్ గారే తీసి, కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ వేసిన సినిమా. మాటలు కొండవీటి వెంకటకవి గారివి. పాటలు కాదు, ఉత్త మాటల క్యాసెట్లు కూడా జనం కొనుక్కున్న కాలం అది. చిన్నప్పుడు మేము అన్నదమ్ములం దుర్యోధనుడి మాటలు గడగడ చెప్పి, వరిగడ్డి వాము ఎక్కి దూకేవాళ్ళము. పెద్దయినాక అదొక గట్టిగా అరిచే పాత సరుకని సిగ్గుపడి పక్కన పెట్టినాము.

ఇప్పుడు వింటే తెలిసింది, మాకు ఒత్తక్షరాలు నేర్పిన బడి అదే. తమిళ లిపిలో ఖ, ఘ, ఛ, ధ, భ లేవు. మా స్కూల్లో ఎవరూ పలకలేదు. మేము ధర్మాన్ని దర్మం అనకుండా, భీముణ్ణి బీముడు అనకుండా నేర్చుకున్నామంటే ఆ క్యాసెట్‌ను అనుకరించి నేర్చుకున్నదే. మా అన్న మనవడికి ఎనిమిదేండ్లు. వాడికి వర్ణమాల పుస్తకం ఇస్తే పారిపోతాడు. ఈ క్యాసెట్ పెడితే మీసం లేని మూతి మీద మీసం దువ్వి, కటకటమని ఒత్తులు పలుకుతున్నాడు. వాడికి సగం అర్థం కాదు. నోరు తిరిగితే అర్థం మెల్లగా వస్తుంది.

నాలుగోది చెప్పాలంటే కొంచెం సిగ్గుగా ఉంది. రేడియోలో వచ్చినప్పుడు నాయన పట్టిన క్షేత్రయ్య పదాల క్యాసెట్. పాడింది బృంద, ముక్త అక్కాచెల్లెండ్లు, వీణ ధనమ్మాళ్ మనవరాండ్లు. నాయన దాన్ని ప్రాణంగా చూసుకునేవారు. మేము మాత్రం ‘నత్త పాటలు’ అనేవాళ్ళము, అంత నిదానం. ఆయన పోయినాక ఎవరూ ముట్టలేదు.

క్షేత్రయ్య పదిహేడో శతాబ్దంవాడు, మువ్వగోపాలుడి పేరుతో పదాలు చెప్పినాడు. మదురై తిరుమల నాయకుడి కొలువునూ, తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువునూ చూసినవాడని ఆయన పదం ఒకటి చెప్తుంది. అంటే మా పెద్దలు ఈ నేలకు వచ్చిన కాలంలోనే ఆయన పదాలూ ఈ నేలమీద తిరిగినాయి. ఆ పదాలను గొంతులో పెట్టుకొని మూడు వందల ఏండ్లు మోసింది ఎక్కువగా తమిళనాట దేవదాసీల ఇండ్లలోని ఆడవాళ్ళు. వాళ్ళు పాడకపోయి ఉంటే ఆ రాగాల నడక పుస్తకంలో దొరికేది కాదు. తెలుగువాళ్ళమని చెప్పుకునే మా ఇంట్లో ఆ క్యాసెట్ ఇరవై ఏండ్లు బూజు పట్టింది.

ఇది పిల్లలతో కలిసి వినే క్యాసెట్ కాదు, శృంగారం అది. నేనూ నా భార్యా రాత్రిపూట విన్నాము. మొదటి రెండు రోజులు నాకు నిద్ర వచ్చింది, అబద్ధం ఎందుకు! మూడో రోజు పాట వదిలేసి మాట వినటం మొదలుపెట్టినాను. అది ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషితో మాట్లాడే తెలుగు. అలక, ఎత్తిపొడుపు, “పోనీలే” అనే విసుగు, అన్నీ అందులో ఉన్నాయి. “ఇది మా అత్తగారు జాడించినట్టే ఉండాదే” అని నా భార్య అనింది. అంత పాత పాటలో మా ఇంటి కొట్లాట వినపడుతుందని నేను అనుకోలేదు. నిదానంగా పాడబట్టే ఒక్కొక్క మాట చేతికి దొరికింది. అందుకేనేమో నాయన దాన్ని అంతగా చూసుకునింది. ఆయన బతికుండగా ఒక్కసారి కూర్చొని అడిగి ఉంటే చెప్పేవారు.

మా అత్త చెవి

ఆ ‘అడిగి ఉంటే’ అన్న మాటే నన్ను ఈ నాలుగు పేజీలు రాయించింది. క్యాసెట్లలో ఒకదాని మీద నాయన తమిళ అక్షరాలతో ‘అవ్వ నలుగు పాటలు, 1979’ అని రాసినారు. మా చిన్నత్త పెండ్లి అప్పటిది, ఇంట్లో రికార్డు చేసింది. అరవై నిమిషాల క్యాసెట్. దాని సంగతి నాకు తెలుసు. 1983లో, పద్నాలుగేండ్లప్పుడు, ఖాళీ క్యాసెట్ కొనటానికి డబ్బులు లేక దాని మీదనే రేడియోలో వచ్చే ఇళయరాజా పాటలు పట్టింది నేనే. రికార్డు కాకుండా వెనకవైపు తుంచాల్సిన చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఎవరూ తుంచలేదు. అవ్వ పాట పోయిందని నాకు తెలుసు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నలభై ఏండ్లుగా ఆ క్యాసెట్ మీద చెయ్యి పెట్టటానికే నాకు మనసు రాలేదు.

ఈసారి పెట్టినాను. సినిమా పాటలు ఒకదాని తరవాత ఒకటి వచ్చినాయి. ఇరవై ఆరో నిమిషం దగ్గర చివరి పాట అయిపోయి ఒక టక్‌మన్న చప్పుడు. దాని వెనకనే ఆడగొంతు, మాట సగంలో మొదలై. నేను ఆపేసిన చోటినుంచి టేపు చివరిదాకా పాతది అట్లే మిగిలింది. నాలుగు నిమిషాలు. రెండో పక్క ఏమీ మిగలలేదు.

ఇంట్లో అందరమూ చుట్టూ చేరి విన్నాము. అమ్మ కండ్లు తుడుచుకునింది. నేను దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి ‘అవ్వ పాట’ అని పేరు పెట్టి చుట్టాలందరికీ పంపినాను. పని అయిపోయిందనుకున్నాను.

సాత్తూరులో మా పెద్దత్త ఉంది. 86 ఏండ్లు. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. ఫోన్లో పంపితే ఆమెకు వినపడదు. అందుకని పోయిన నెల హెడ్‌ఫోను తీసుకొని పోయి, మంచి చెవికి పెట్టి, గట్టిగా వినిపించినాను. కాసేపు విని, ఊరంతా వినేటంత గట్టిగా అనింది: “ఇది అమ్మ కాదురా, నేను! ఆ పొద్దు అమ్మకు గొంతు పట్టుకోనుండె. నన్ను పాడమనింది.”

నాకు ఏమి చెప్పాలో తెలియలేదు. మరి అవ్వ ఏదని అడిగినాను. “పక్కనే కూర్చొని తాళం వేస్తా ఉంది గదా, గాజుల చప్పుడు వినపడ్లేదా నీకు?” అనింది. మళ్ళీ పెట్టి విన్నాను. ఉంది. ప్రతి చరణం చివర గాజుల చప్పుడు. నేను దాన్ని టేపు గరగర అనుకొని కంప్యూటర్‌లో తగ్గించాలని చూసినాను.

ఆమె పోయినాక ఈ క్యాసెట్ దొరికి ఉంటే ఏమయ్యేది? తప్పు పేరుతో శాశ్వతంగా ఉండిపోయేది. ఫైలు బాగుండేది, అందులోని మనిషి మారిపోయేది.

నేను చెరిపేసిన సంగతి ఆ రోజు అత్తకు చెప్పినాను. ఆమె “పోనీలే” అనలేదు. “పెద్ద పనే చేసినావు” అనింది. తరవాత మొదటినుంచి పాడింది, గొంతు లేకపోయినా. టేపులో సగంలో మొదలైన పాటకు ముందున్న రెండు చరణాలు వచ్చినాయి. ఇంకొక చరణం ఉండాలనీ, అది తనకు గుర్తు రావటం లేదనీ చెప్పింది. మా అన్న కూతురు రాసుకునింది, తమిళ లిపిలోనే, గ దగ్గర, బ దగ్గర కింద గీత పెట్టుకొని. పాటలో ‘వియ్యపురాలు’ అనే మాట వచ్చింది. మా ఇంట్లో ఆ మాట పోయి ఎన్నేండ్లయిందో, మేమంతా ‘సంబంధి’ అంటాము. “అట్లంటే ఎవరు?” అని పిల్ల అడిగింది. అత్త చెప్పింది. ఒక మాట వెనక్కి వచ్చింది.

ఏం చేయాల

అన్నీ దాచిపెట్టండని నేను అనటం లేదు. మా పెట్టెలోనుంచి నేనే ముప్పై క్యాసెట్ల దాకా తీసేసినాను. బూజు పట్టి టేపు అతుక్కుపోయినవి కొన్ని, ఎన్నిసార్లు విన్నా ఏమీ లేనివి కొన్ని. అయితే వినే తీసేసినాను. ఇంట్లో రికార్డు చేసిందంటూ ఏదున్నా అది మాత్రం పారేయొద్దు. అలాంటిది ప్రపంచంలో అది ఒక్కటే ఉంటుంది.

వస్తువు సంగతి రెండు మాటలు. పాత ప్లేయర్ పలకకపోతే చాలాసార్లు లోపలి రబ్బరు బెల్టు జిగురై కరిగిపోయి ఉంటుంది, మెకానిక్ మారుస్తాడు. తల భాగాన్ని దూదికి స్పిరిట్ అద్ది తుడవాల. క్యాసెట్‌ను మొదట పూర్తిగా ముందుకు, వెనక్కి ఒకసారి తిప్పి తరవాత పెట్టాల. టేపును అదిమి పట్టే చిన్న ఉన్ని ముక్క ఊడిపోయి ఉంటే గొంతు మసకగా వస్తుంది. అట్లాంటప్పుడు పాట పోయిందని పారేయొద్దు, ఇంకొక క్యాసెట్ డొల్లలోకి టేపు మార్చుకోవచ్చు. ఎల్పీలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొద్దు, పుస్తకాల మాదిరి నిలబెట్టాల. ఇంటి రికార్డింగు ఉంటే వెనక ప్లాస్టిక్ ముక్కలు ఈరోజే తుంచేయండి. నా మాదిరి పిల్లవాడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు.

కంప్యూటర్‌లోకి ఎక్కించటం రెండో పని. మొదటి పని వినటం. వారానికి ఒకటి చాలు. ఇంట్లో ఉన్నవాళ్ళలో పెద్దవాళ్ళు ఒకరు, పిల్లలు ఒకరు తప్పనిసరిగా ఉండాల. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సందర్భం, తెలియని మాట ఏది అని అడిగి రాసుకోవాల. తెలుగు లిపి రాకపోతే మీకు వచ్చిన లిపిలోనే రాసుకోండి. హోసూరు వాళ్ళయినా, షోలాపూరు వాళ్ళయినా, బరంపురం వాళ్ళయినా ఇదే మాట. ఏ అక్షరాల్లో రాసినా మాట తెలుగుదే. లిపి తరవాతయినా నేర్చుకోవచ్చు, మరిచిపోయిన చరణం తరవాత దొరకదు.

మన పెద్దవాళ్ళ విషయంలో మనకు ఒక అలవాటుంది. వాళ్ళకు చూపు ఉందా, నడక ఉందా అని కనుక్కుంటాము, చెవి సంగతి పట్టించుకోము. వినపడకపోతే గట్టిగా మాట్లాడి సరిపెట్టుకుంటాము. టేపు ఇంకొక పదేండ్లు ఆగినా ఆగుతుంది. మా అత్త చెవికి అంత టైము లేదని డాక్టరు చెప్పకుండానే తెలుస్తా ఉంది.

మా బావకు ఇదే నా జవాబు. ఆయన వాళ్ళమ్మ, అంటే మా ఇంకొక అత్త, కడలూరులో ఉంది. వాళ్ళ పరణ్ మీద కూడా ఒక పెట్టె ఉన్నట్టు మొన్న మాటల్లో బయటపడింది. వచ్చే ఆదివారం ఇద్దరమూ కలిసి దించుతున్నాము. అందులో ఏముందో ఆయనకే తెలియదు. ఫోన్లో ఉందో లేదో వినేసినాక చూసుకుంటాము.